మీగడ తీయని కుండ

సెదెర్ కొండ మీద ద్రాక్ష కోత రేపనగా ఊళ్ళోకి మంత్రగాడు వచ్చాడు.

అతణ్ణి మొదట చూసింది పోలి. ఆమె అసలు పేరు అపోల్లోనియా. అంత పొడుగు పేరు పిలిచే తీరిక ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. ఇంటింటా పాలు, వెన్న, జున్నుగడ్డలు కొని కోటలోనూ సంతలోనూ అమ్మడం ఆమె పని. భర్త పోయాక ఆమెకు మిగిలినవి రెండు: జెమ్లె అనే ఎర్రావు, కొండవాలున ఒక ద్రాక్షతోట. ఆవు రోజు గడుపుతుంది, తోట ఏడాది గడుపుతుంది. ఇదీ ఆమె లెక్క. కిందటేడు సరిగ్గా కోత ముందు వడగళ్లు పడి కొండంతా పచ్చడైపోయింది. ఆ ఏడాది రెండు పనులూ ఆవే చేసింది. ఇంకో ఏడాది చేయలేదని పోలికి తెలుసు. దాని ముఖం చూస్తే జెమ్లెకీ తెలుసనిపించేది.

ఆ మధ్యాహ్నం ఆమె గుమ్మంలో కూర్చుని జున్నుకి గుడ్డ చుడుతుంటే, సరస్సు వైపు నుంచి ఒక బక్కపలచటి మనిషి పైకి వస్తూ కనిపించాడు. చిరిగిన నల్ల అంగీ, చంకలో లావుపాటి పుస్తకం, మోకాళ్ళదాకా బురద. బలతోన్ సరస్సు ఒడ్డున పుట్టిన పిల్లలకి పళ్ళు రాకముందే తెలిసే సంగతి ఒకటుంది. చిరిగిన అంగీ వేసుకుని, చంకలో పుస్తకం పెట్టుకుని, గుమ్మంలో నిలబడి పాలు అడిగేవాడు గరబొన్సియాష్, అంటే వానల మంత్రగాడు. పుస్తకం చదివి నీళ్ళలోంచి డ్రాగన్‌ని లేపుతాడు. దాని మీదెక్కి మబ్బుల్లో తిరుగుతాడు. పాలివ్వని ఊరి మీద వడగళ్లు కురిపిస్తాడు.

దారిలో మొదటి ఇల్లు గెర్గెయ్‌ది. గెర్గెయ్ తోటల కాపరి. పక్షుల్ని తోలీ తోలీ గొంతు పెంచుకున్నాడు, ఇంట్లో కూడా దాన్ని తగ్గించలేడు. కాబట్టి అక్కడ జరిగిందంతా పోలికి తన గుమ్మంలోకే వినిపించింది.

"ముట్టని కుండ పాలు కావాలి," అన్నాడు మంత్రగాడు. "రెండు గుడ్లు కూడా. ఇవ్వకపోతే వడగళ్లు పడతాయి."

"ఏంటీ? నా ఇంటికొచ్చి నన్నే బెదిరిస్తున్నావా?"

"బెదిరించట్లేదయ్యా. ఇవ్వకపోతే వడగళ్లు పడతాయి అంటున్నాను."

"దాన్నే బెదిరించడం అంటారు!"

గెర్గెయ్ భార్యకి భయం వేసి లోపలి నుంచి చెంబు నిండా పాలు తెచ్చింది. మంత్రగాడు వాసన చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు. "ఇవి ముట్టిన పాలమ్మా. పనికిరావు."

"అబ్బో! అయ్యవారికి మా పాలు ఆనవట!" గెర్గెయ్ గొంతు కొండ ఎక్కి దిగింది. "వెండి గిన్నెలో పొయ్యమంటావా? పక్కన తేనె నంజుకుంటావా?"

రెండో ఇంట్లో తలుపు తీయలేదు. మూడో ఇంట్లో కుక్కని వదిలారు. నిజానికి ఆ ఊళ్ళో ముట్టని కుండ ఎవరిదగ్గరా లేదు. తెల్లవారగానే మీగడంతా కోట వంటశాలకి పోవాలి, అది పాత కట్టడి. అందుకని ప్రతి ఇల్లాలూ లేవగానే చేసే మొదటి పని కుండలో గరిటె పెట్టడం. మిగిలేవి నీలంగా, పలచగా ఉండే పాలు. పిల్లలు అవే తాగి పెరిగారు.

పోలి చేతిలో జున్ను చేతిలోనే ఉంది. ఆమె అతణ్ణే చూస్తోంది. సంతలో ఎందరో బేరగాళ్ళని చూసిన కళ్ళవి. బెదిరించేవాడు ఎదుటివాడి ముఖం చూస్తాడు, ఎంత భయపడ్డాడో కొలుచుకోవడానికి. ఇతను ఎవరి ముఖమూ చూడడంలేదు. మాటమాటకీ వెనక్కి, సరస్సు వైపు చూస్తున్నాడు. తొట్టెలో బిడ్డని వదిలి నీళ్ళకొచ్చిన తల్లి చూసినట్టు.

ఇదేమిటో, అనుకుంది పోలి.

అనుకునేలోపు గుర్రపు డెక్కల చప్పుడైంది. దొమోకోష్ దొర వచ్చేశాడు. ఆయన కోట యోధుడు. కిందటేటి వడగళ్ల తర్వాత, మళ్ళీ మంత్రగాడు వస్తే పట్టుకోవడానికీ, డ్రాగన్ వస్తే నరకడానికీ ఆయన్ని ఊళ్ళో దించారు. మంచివాడే. కాకపోతే చిన్నప్పటి నుంచి డ్రాగన్ కోసమే కత్తి నూరుకుంటూ నలభై దాటాడు. ఒక్కటీ ఎదురు కాలేదు. తలనిండా డ్రాగన్ కథలే. ఏ తుఫాను మబ్బు చూసినా తోక ఎక్కడుందా అని వెతుకుతాడు.

ఆయన మంత్రగాణ్ణి కాలర్ పట్టుకుని ఎత్తి, ద్రాక్షలు పిండే గానుగ స్తంభానికి కట్టేశాడు. పుస్తకం లాక్కుని తన జీను సంచిలో పెట్టుకున్నాడు. ఊరంతా చుట్టూ మూగింది.

"పిలువు నీ డ్రాగన్‌ని," అన్నాడు దొమోకోష్. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇవాళ అటో ఇటో తేలిపోవాలి."

"పిలవక్కర్లేదు దొరా. అదే వస్తుంది," అన్నాడు మంత్రగాడు నీరసంగా. "పొద్దున్నుంచీ దానికి ఒంట్లో బాగోలేదు."

జనం గొల్లున నవ్వారు. "డ్రాగన్‌కి ఒంట్లో బాగోలేదంట్రా! వైద్యుణ్ణి పంపండి!" అని గెర్గెయ్ అరిచాడు. నవ్వు ఆగేలోపే సరస్సు మీద మబ్బు కనిపించింది. వాన మబ్బులా పరుచుకోలేదు. ఒక్కచోటే, ఉడుకుతున్న కుండ మీది నురగలా, పొంగుతూ లేస్తోంది. దాని అడుగు పచ్చగా ఉంది. కిందటేడు కూడా అడుగు అలాగే పచ్చగా ఉందని అందరికీ గుర్తొచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

పోలి జనాన్ని తోసుకుంటూ గానుగ దగ్గరికి వచ్చింది.

"బాబూ, నీ పేరేంటి?"

మంత్రగాడు తల ఎత్తాడు. తనని ఎవరైనా పేరు అడిగి చాలా కాలమైనట్టుంది. "బర్లబాష్, అక్కా."

"బర్లబాష్, ఆ పాలు ఎవరికి?"

"అదేం ప్రశ్న, పోలీ?" అన్నాడు గెర్గెయ్. "తాగేవాడికే."

"నువ్వాగు గెర్గెయ్. నేను ఇరవయ్యేళ్ళుగా పాలు అమ్ముతున్నాను. తన కడుపు కోసం కొనేవాడు ధర అడుగుతాడు. ఇంకొకరి కోసం కొనేవాడు సరుకు ఎలా ఉండాలో చెబుతాడు. కోట వంటవాడు అలాగే చెబుతాడు, పసిపిల్ల తల్లి అలాగే చెబుతుంది. ముట్టకూడదు, వొలకకూడదు, మీగడ తీయకూడదు. ఇతనూ అలాగే చెప్పాడు." మళ్ళీ మంత్రగాడి వైపు తిరిగింది. "ఎవరికి నాయనా?"

"దానికే," అని బర్లబాష్ గడ్డంతో సరస్సు వైపు చూపించాడు. "పాపం, మబ్బుల్లోనే తిరిగే జంతువు. చల్లటి గాలి మింగీ మింగీ పొట్టలో మంచు పేరుకుంటుంది. దానికి మందు పాలే. కానీ మీగడ తీయని పాలు కావాలి, కుండలో గరిటె పడకూడదు. ఆ కొవ్వు లోపలికి పోతే మంచు కరిగి వాన అవుతుంది. పలచటి పాలు పోస్తే ఇంకా చలి చేస్తుంది. అప్పుడు కక్కేస్తుంది."

"వడగళ్లు."

"వడగళ్లే."

పోలి మనసులో ఒక మాటను తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఇవ్వకపోతే వడగళ్లు పడతాయి. ఇన్ని తరాలుగా ప్రతి గుమ్మంలోనూ ఇదే మాట, ప్రతి గుమ్మంలోనూ ఒకటే అర్థం. అంతగా వణికిన మనుషుల్లో ఒక్కరికీ ఎందుకని అడగాలని తోచలేదు.

"అయితే నువ్వు బెదిరించట్లేదు," అంది నెమ్మదిగా. "హెచ్చరిస్తున్నావు."

"నేను ఆయనకి ఆ మాటే చెప్పానక్కా!"

"మరి గుడ్లెందుకయ్యా? గుడ్లు దేనికి?" గెర్గెయ్ ఊరుకోలేక అడిగాడు.

"గుడ్లు నాకు. నేను మాత్రం తినొద్దా?"

దొమోకోష్ కత్తి దూశాడు. "కట్టుకథ! అది రానీ, పొట్ట చీల్చి మంచుందో నిప్పుందో నేను చూపిస్తాను."

పోలి ఆయన గుర్రం కళ్ళెం పట్టుకుంది. ఆమెకి కత్తిని చూస్తే భయమే, కానీ నష్టాన్ని చూస్తే ఇంకా భయం. "చూపించండి దొరా, మేమూ చూస్తాం. కానీ ఒక్క మాట. అది ఎంతుంటుంది బర్లబాష్?"

"తోక పక్కన పెడితే మీ చర్చి అంత."

"మీరు గాల్లో ఉన్నదాన్ని నరుకుతారు దొరా. చర్చి అంతది కింద పడుతుంది. ఎవరి తోట మీద పడమంటారు? చోటు ముందే చెబితే వాళ్ళు బుట్టలు తీసుకుపోయి దొరికినంత కోసుకుంటారు."

దొమోకోష్ కళ్ళెం లాక్కోబోయాడు, పోలి వదల్లేదు.

"ఇంకోటి. దాని పొట్టలో ఉన్నదంతా ఏమవుతుంది?"

"కొంచెం కొంచెం కక్కేది ఒక్కసారే బయటపడుతుంది," అన్నాడు బర్లబాష్. "కొండే మిగలదు."

యోధుడు మబ్బు వైపు చూశాడు, కొండ వైపు చూశాడు. పండిన గుత్తులు ఆకుల కింద నల్లగా వేలాడుతున్నాయి. కథల్లో డ్రాగన్ చచ్చాక అది ఎక్కడ పడిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన కత్తి మొన నెమ్మదిగా నేలకి దిగింది. కోపం వచ్చినవాడిలా కాదు, దారిలో తికమకపడ్డవాడిలా ఉన్నాడు. "మరి నేనేం చెయ్యాలమ్మా?"

"అది తెలిస్తే నేనే చెబుదును. ముందు పాలు కావాలి."

ఊళ్ళో ప్రతి కుండా ముట్టిందే. కోటలో తీసిన మీగడ ఉంది కానీ, తీసిన మీగడని తెచ్చి తీసిన పాలల్లో పోస్తే అది ముట్టని కుండ అవదు. ఆ తేడా నాలుక కనిపెడుతుందని పోలికి తెలుసు. సంతలో అలా కలిపి అమ్మబోయిన వాళ్ళ ముఖాన ఆ పాలు వాళ్ళకే తిరిగొచ్చాయి. గరిటె పడని పాలు ఎక్కడుంటాయి? ఆమె ఊరంతా కలయజూసింది. తన పెరటి కంచె మీదుగా జెమ్లె తల చాచి, సాయంత్రం పితికే వేళయిందని గుర్తుచేస్తూ 'అంబా' అంది.

పోలి నవ్వేసింది. "ఉంది! ముట్టని కుండ ఉంది. నాలుగు కాళ్ళ మీద నిలబడి నన్ను తిడుతోంది. కట్లు విప్పండి దొరా!"

దొమోకోష్ ఒక్క క్షణం ఆలోచించి, తాడు కోశాడు.

"ఆవుని డ్రాగన్ దగ్గరికి తోలుకుపోతావా?" గెర్గెయ్ గొంతు మొదటిసారి తగ్గింది. "పోలీ, నీకున్నదల్లా అదే కదే! దాన్ని మింగేస్తే?"

"మింగితే ఆవు పోతుంది. వెళ్ళకపోతే తోట పోతుంది. తోట పోయాక ఈ చలికాలం ఆవుని కూడా అమ్ముకోవాలి. వెళితే రెండూ మిగిలే దారి ఒకటుంది. వెళ్ళకపోతే అది లేదు." అలా అందే కానీ, పలుపు విప్పుతుంటే మళ్ళీ మళ్ళీ ముడి జారింది.

వాళ్ళు సరస్సు ఒడ్డుకి చేరేసరికి గాలి ఆగిపోయింది. రెల్లు కదలడంలేదు. మబ్బు వాళ్ళ తలల మీదే ఉంది. దాంట్లోంచి ఒక పెద్ద, పొడుగాటి తల నెమ్మదిగా కిందికి దిగింది. పోలి అనుకున్నట్టు పొగలు కక్కడంలేదు. తడిసిన రాయి వాసన వస్తోంది. చెవుల వెనక నాచు పట్టింది. మూతి చుట్టూ మంచు సన్నగా గడ్డకట్టి మీసంలా వేలాడుతోంది. కళ్ళు సగం మూసుకునే ఉన్నాయి. దాని పొట్టలో ఎక్కడో గులకరాళ్ళు దొర్లుతున్న చప్పుడు.

"పాపం, దీనికి నిజంగానే బాగోలేదు," అంది పోలి. ఆమెకి భయం పోలేదు, కానీ దాని ముందుకి ఇంకోటి వచ్చి నిలబడింది. ఆ మంచు ముట్టుకుంటే చల్లగా ఉంటుందా? ఆ పొలుసులు ఒక్కొక్కటీ పళ్ళెమంత ఉన్నాయి కదా, ఏడాదికోసారి రాలుతాయా?

డ్రాగన్‌కి వెక్కిళ్ళు వచ్చాయి. గుడ్డంత వడగళ్లు దబదబా పడ్డాయి. ఒకటి పోలి భుజానికి తగిలింది. జెమ్లె బెదిరి పలుపు లాగింది.

"ఇలా అయితే పితకలేను!" అని పోలి అరిచింది. "ఆవు నిలబడదు!"

దొమోకోష్ గుర్రం దిగాడు. డాలు రెండు చేతులతో ఎత్తి, ఆవుకీ పోలికీ పైన గొడుగులా పట్టి నిలబడ్డాడు. జీవితమంతా డ్రాగన్ దవడల ముందు నిలబడాలని కోరుకున్న మనిషి, ఇప్పుడు నిలబడే ఉన్నాడు, కత్తి ఒరలో, నడుం మీద ఆవు తోక దెబ్బలు. డాలు మీద వడగళ్లు డోలు వాయించాయి. ఆయన దాన్ని దించలేదు.

"నోరు తెరిపించు బర్లబాష్!"

మంత్రగాడు డ్రాగన్ చెవిలో ఏదో అన్నాడు. పడవంత దవడ తెరుచుకుని ఆవు పొట్ట కిందకి వచ్చింది. పోలి పొదుగు పట్టి లాగింది. మొదటి ధార గురి తప్పి డ్రాగన్ ముక్కులోకి పోయింది. అది తుమ్మింది. ముగ్గురూ, ఆవుతో సహా, మంచు పొడిలో మునిగి తేలారు.

"సూటిగా పొయ్యవమ్మా!" అన్నాడు దొమోకోష్ డాలు కింద నుంచి.

"మీరొచ్చి పొయ్యండి, చూద్దాం!"

రెండో ధార నాలుక మీద పడింది. డ్రాగన్ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. పాలు వెచ్చగా, చిక్కగా, నురగతో ధార వెంట ధార దిగుతున్నాయి.

"చర్చి అంత జంతువుకి ఈ కాసిని పాలు సరిపోతాయా?" పోలికి చేతులాడుతున్నా లెక్క ఆగలేదు.

"మందుని బిందెతో తాగుతామా అక్కా?"

నిజమే కాబోలు. గులకరాళ్ళ చప్పుడు మెత్తబడింది. మూతి మీది మంచు మీసం చుక్కలు చుక్కలుగా కారింది. వడగళ్లు చిన్నవయ్యాయి, శనగలంత, ఆవాలంత, ఆ తర్వాత ఉత్త వాన. గోరువెచ్చటి వాన. పొదుగు ఖాళీ అయ్యేసరికి డ్రాగన్ జెమ్లె వీపుని ఒక్కసారి నాకింది. జెమ్లె దాన్ని అవమానంగా భావించినట్టు చెవులు వెనక్కి పెట్టి, అటు తిరిగి నిలబడింది.

దొమోకోష్ డాలు దించాడు. దాని మీద సొట్టపడని చోటు లేదు. ఆయన డ్రాగన్ వైపు చాలాసేపు చూసి, చేతికున్న ఇనుప తొడుగు విప్పి, దాని ముక్కు మీద ఉత్త అరచెయ్యి పెట్టాడు.

"వెచ్చగా ఉంది," అన్నాడు, ఎవరితోనో చెప్పాలన్నట్టు.

తర్వాత జీను సంచిలోంచి పుస్తకం తీసి బర్లబాష్‌కి ఇచ్చేశాడు. "ఇది చదివితేనే కదా అది నీ వెంట కదిలేది. ఇంటికి తీసుకుపో."

"ఇంకా ఊళ్ళున్నాయి దొరా. కోతల కాలమంతా దీనికి ఇలాగే ఉంటుంది. ప్రతి ఊళ్ళోనూ అడగాలి."

"అడిగేది మాత్రం ఇలా కాదు," అంది పోలి తడి కొంగు పిండుకుంటూ. "ఇవ్వకపోతే, అని మొదలుపెడితే సంతలో తౌడు కూడా పుట్టదు నాయనా. ఎవరికి కావాలో, ఎందుకు కావాలో ముందు చెప్పు."

బర్లబాష్ తల వంచుకున్నాడు. "మా గురువు నేర్పిన మాట అదొక్కటే అక్కా. గుమ్మంలో ఎవరికో, ఎందుకో నా అంతట నేను చెబితే పుస్తకం పలకదు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే చెప్పొచ్చు. ఇన్నేళ్ళలో నువ్వే అడిగావు."

దాంతో పోలికి బేరం ఎక్కడ ఆగిపోయిందో తెలిసింది. చెప్పలేనివాడు ఒకవైపు, అడగనివాళ్ళు ఒకవైపు. మధ్యలో మాటలు మోసే మనిషి కావాలి. గుమ్మంలో నిలబడితే జనం తలుపు వెయ్యని మనిషి. ఆమె దొమోకోష్ వైపు చూసింది. ఆయన అప్పటికే డ్రాగన్ చెవి వెనక నాచు పీకుతున్నాడు.

"దొరా, మీరు కూడా వెళ్ళండి."

"నేనా? కోటలో ఏమని చెప్పను?"

"డ్రాగన్ వెంట వెళ్ళానని చెప్పండి. అది అబద్ధం కాదు కదా."

ఆయన అంత త్వరగా గుర్రమెక్కడం ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. బర్లబాష్ పుస్తకం తెరిచి గొణగడం మొదలుపెట్టగానే డ్రాగన్ నీళ్ళు విదిల్చుకుంటూ లేచింది. మబ్బు తెల్లబడి, తేలికపడి, ఒడ్డు వెంట పక్క ఊరి వైపు కదిలింది. దాని నీడలో ఇద్దరూ వెళ్ళారు.

"నువ్వు నీ మాట చెప్పేసి ఊరుకో," అంటున్నాడు దొమోకోష్. "ఎందుకో నేను చెబుతాను."

"గుడ్ల సంగతి కూడా చెప్పండి దొరా."

పోలి జెమ్లెని తోలుకుంటూ కొండ ఎక్కింది. కింది వరసల్లో కొన్ని గుత్తులు చితికి, రసం మట్టిలో కలిసింది. పైదంతా చెక్కు చెదరలేదు. గింజలు వాన నీళ్ళతో మెరుస్తున్నాయి. గెర్గెయ్ దారిలో నిలబడి ఏమైంది, ఏమైంది అని అడుగుతూనే ఉన్నాడు.

"చెబుతాలే," అంది పోలి. "ముందు బుట్టలు బయటకి తియ్యి. తెల్లవారగానే కోత."